సురవరం ప్రతాపరెడ్డిగారి పత్రికా జీవితము

వార్త అనగా నేటి విద్యార్థి మనస్సునకు తోచునది వెలుగు తెర. అందొకరు కూర్చుండి దేశదేశముల సంగతులను గంటకొకమాఱు చదువుదురు. వారే మఱునాడు ఏదో ఒక వేదిక నెక్కి ఉపన్యసింతురు. వారు తెలుగున మాటలాడినందుకు ఎవ్వరును నవ్వరు. ఇది చెప్పదగినంత విశేషమా అని చదువరులు అనుకొనవచ్చును. కాని నూఱేండ్ల క్రిందట హైదరాబాదు నగరమున తెలుగున ఉపన్యసించుటకు లేచిన ఒక పెద్దమనిషిని చూచి సభికులు నవ్విన దినమొకటి కలదు. ఆ నవ్వునకు కలముతోను గొంతుకతోను దాదాపు ముప్పదియేండ్లు సమాధానము చెప్పిన పాత్రికేయుడు సురవరం ప్రతాపరెడ్డిగారు. వారి పేరు మన పాఠ్యపుస్తకములలో కలదు. వారి పని మాత్రము ఆ పేరంతగా మన పిల్లలకు తెలిసినట్లు లేదు.

ముందు ఆ నవ్వు సంగతి చెప్పవలెను. 1921 నవంబరులో హైదరాబాదునందలి వివేకవర్ధినీ నాటకశాలలో నిజాము రాష్ట్ర సంఘసంస్కార మహాసభ జరిగెను. స్త్రీవిద్యకై జీవితమును ధారవోసిన కర్వేగారు దానికి అధ్యక్షులు. ఇతర భాషలలో ఉపన్యాసములు సాగినంతసేపు సభ సావధానముగా వినెను. అల్లంపల్లి వేంకటరామారావుగారను న్యాయవాది లేచి తెలుగున మాటలాడ నారంభింపగానే చప్పట్లును అపహాసములును చెలరేగి, ఆయన ఉపన్యాసము సాగకుండ చేసెను. సంఘమును సంస్కరింప కూడిన సభలోనే ఈ వింత! నాటి రాత్రి కొందఱు తెలుగువారు ఒక మిత్రుని యింట చేరి ఆంధ్రజన సంఘమును స్థాపించిరి. మాడపాటి హనుమంతరావుగారు, బూర్గుల రామకృష్ణారావుగారు అందు ముఖ్యులు.

ఆ రాజ్యమున తెలుగువారు కొలది మందియా అనిన, కాదు. జనసంఖ్యలో సగమునకు సమీపముగా వారే. అయినను రాజభాష ఉర్దూ. 1918లో వెలసిన ఉస్మానియా విశ్వవిద్యాలయమునందు బోధనాభాషయు ఉర్దూయే. దేశభాషలో ఉన్నత విద్య గఱపవలెనను ఆశయము గొప్పదే. కాని ఆ దేశభాష ఏ దేశమువారి భాష అను ప్రశ్నకు మాత్రము సమాధానము లేకపోయెను. మన మంచిర్యాల ప్రాంతమునే చూడుడు. ఇచ్చట సంతలో తెలుగు, గోండీ, మరాఠీ, ఉర్దూ నాలుగును వినవచ్చును. నాటి కచ్చేరిలో మాత్రము కాగితములన్నియు ఒక్క ఉర్దూలోనే నడచెడివి. తన పొలమును గూర్చి తాను పెట్టుకొన్న అర్జీలో ఏమి వ్రాసియున్నదో రైతు ఎఱుగడు. వ్రాసినవాడు చదివి చెప్పినదే అతనికి ప్రమాణము.

ప్రతాపరెడ్డిగారు 1896 మే 28వ తేదీన పాలమూరు సీమలోని బోరవెల్లి గ్రామమున జన్మించిరి. స్వగ్రామము ఇటిక్యాలపాడు. తల్లి రంగమ్మగారు, తండ్రి నారాయణరెడ్డిగారు. ఆ సీమకును కర్నూలునకును నడుమ తుంగభద్ర ప్రవహించుచున్నది. నదికి ఈవల నిజాము రాజ్యము, ఆవల ఆంగ్లేయుల రాజ్యము. రెండు ఒడ్డులను ఎఱిగి పెరిగినవాడగుట ప్రతాపరెడ్డిగారి చరిత్రలో చిన్న విషయము కాదని నా నమ్మకము. ఆవలి ఒడ్డున తెలుగు పత్రికలు, తెలుగు సభలు, తెలుగు గ్రంథాలయములు ఉండెను. ఈవలి ఒడ్డున అదే భాష మాటలాడు మనుష్యులకు వానిలో నూఱవ వంతు లేదు. ఇట్టి భేదమును బాల్యముననే కంటితో చూచినవానికి తన జాతి మూఢమైనదను అపవాదము నమ్మశక్యము కాదు.

కర్నూలులో వెల్లాల శంకరశాస్త్రిగారి యొద్ద సంస్కృతమును అభ్యసించిరి. హైదరాబాదు నిజాం కళాశాలలో కొంత చదివి, మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో చేరి బి.ఎ. పట్టమును, పిదప బి.ఎల్. పట్టమును పొందిరి. మద్రాసులో వేదము వేంకటరాయశాస్త్రిగారి సాన్నిధ్యము లభించెను. నాటకములలో పాత్రోచితభాషను నిలిపిన ఆ మహాపండితుని ప్రభావము శిష్యునియందు ఎంతయున్నదో చెప్పుట కష్టము గాని, పండితుని మాటకును పామరుని మాటకును సమానముగా చెవియొగ్గు గుణము ప్రతాపరెడ్డిగారి రచనలలో తుదివరకు కనబడును. ఉర్దూ, ఫారసీ భాషలయందును వారికి పరిచయము కలదు. ఉర్దూపై వారికి ద్వేషము లేదు. తెలుగు అణగిపోవుటపైననే వారి కోపము. ఈ రెంటికిని గల భేదమును మఱచి వారిని చదివినచో అపార్థమునకు తావిచ్చినవార మగుదుము.

న్యాయవాది వృత్తిలో ప్రవేశించి ధనార్జన చేసికొనదగిన ఆయన 1924లో హైదరాబాదు రెడ్డి విద్యార్థి వసతిగృహమునకు కార్యదర్శి అయిరి. పల్లెలనుండి చదువునకై నగరమునకు వచ్చు పిల్లలకొఱకు 1918లో ఆ వసతిగృహమును నెలకొల్పినవారు నగర కొత్వాలు రాజా బహద్దరు వెంకటరామారెడ్డిగారు. ఆ పిల్లలకు భోజనము, పడక ఉండెను. ప్రతాపరెడ్డిగారు వచ్చి పుస్తకములను సమకూర్చిరి. తెలుగు గ్రంథములతో నిండిన గ్రంథాలయమును అచ్చట పెంచి, విద్యార్థులచేత చదివించి, వ్రాయించి, ఉపన్యాసములు చేయించిరి.

ఇచ్చట చదువరులు ఒక విచిత్రమును గమనింపవలెను. కొత్వాలు అనగా నిజాము ప్రభువు రాజధానికి రక్షకభటాధిపతి. ఆయన ప్రోత్సాహముతోనే 1926 మే 10వ తేదీన గోలకొండ పత్రిక వెలువడెను. ఆ పత్రికయే పిమ్మట నిజాము ప్రభుత్వమునకు కంటిలో నలుసైనది. పోషకుడు ప్రభువునకు నమ్మిన బంటు. సంపాదకుడు ప్రభుత్వమును నిలదీయువాడు. ఇరువురి నడుమ స్నేహము చెడలేదు. ప్రతాపరెడ్డిగారు వెంకటరామారెడ్డిగారి జీవితచరిత్రను సైతము వ్రాసిరి. దీనిని రాజీ యని ఒకరు అనవచ్చును, లోకజ్ఞత యని మఱియొకరు అనవచ్చును. అట్టి నీడ లేకున్నచో ఆ మొలక మొదటి యేడే ఎండిపోయెడిదని నేననుకొందును. నీడలో పెరిగినంతమాత్రమున అది వంగి పెరుగలేదు. మనము చూడవలసినది అదియే.

గోలకొండకు ముందు తెలంగాణమున పత్రికలు లేకపోలేదు. 1922లో నల్లగొండనుండి నీలగిరి పత్రిక, ఇనుగుర్తినుండి ఒద్దిరాజు సోదరుల తెనుగు పత్రిక వెలువడినవి. అవి యెక్కువకాలము నిలువలేదు. గోలకొండ పత్రిక వారమునకు రెండుమాఱులు వెలువడుచు నిలిచెను. సంపాదకుడు ప్రతాపరెడ్డిగారే, అచ్చుతప్పులు దిద్దువారును వారే, చందాల లెక్క చూచువారును వారే. వ్యాసము చాలనినాడు మాఱుపేరు పెట్టుకొని మఱియొక వ్యాసము వ్రాయువారును వారే. నేటి వార్తాసంస్థలలో పదుగురు చేయు పనిని ఒక్కడు చేయుట గొప్ప యని చెప్పుటకు ఇది వ్రాయుటలేదు. ఆ పదుగురికి జీతములిచ్చు చందాదారులు నాడు లేరు. చందాదారులు కావలెనన్న ముందు చదువరులు కావలెను. చదువరులు కావలెనన్న తెలుగు బడి కావలెను. బడి పెట్టవలెనన్న సర్కారు అనుమతి కావలెను. ఖాన్గీ బడులకు, అనగా ప్రజలు సొంతముగా పెట్టుకొను బడులకు, ముందుగా అనుమతి పొందవలెనను నిబంధన వచ్చి అనేక వీథిబడులు మూతపడిన కాలమది. కనుక ఆ సంపాదకుడు పత్రికను నడుపుటయే కాక పాఠకులను సైతము తానే పుట్టించుకొనవలసి వచ్చెను.

అందుచేత గోలకొండ పత్రిక బడులు, గ్రంథాలయములను గూర్చి విసుగులేక వ్రాసెను. 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము, 1904లో హనుమకొండలో రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయము వెలసియుండెను. వాని యొరవడిలో ఊరూర పుట్టిన చిన్న గ్రంథాలయములకు గోలకొండ పత్రికయే ప్రాణము. చదువు వచ్చినవాడొకడు బిగ్గరగా చదువును, రానివారు పదిమంది చుట్టును చేరి విందురు. వార్తను చెవితో వినుట ఆకాశవాణితోనో దూరదర్శనముతోనో మొదలైనదని అనుకొనువారు ఈ అరుగుల చదువును మఱవరాదు. అట్లు చదువబడుటకు తగిన భాషనే ప్రతాపరెడ్డిగారు వ్రాసిరి. వాక్యము పొడవైనను ఊపిరి తిప్పుకొనుటకు చోటుండును. సంస్కృతసమాసము ప్రక్కనే పల్లెటూరి పలుకుబడి కూర్చుండును. కోపము వచ్చినచోట వెక్కిరింపును దాచుకొనరు.

కోపము తఱచుగనే వచ్చెడిది. వెట్టిచాకిరి, గ్రామాధికారుల దౌర్జన్యము, లంచములు, తెలుగు బాలురకు తెలుగు రాని ఉపాధ్యాయులు, ఇవి వారికి ప్రతివారపు విషయములు. సభ జరుపవలెనన్న ముందుగా ప్రభుత్వానుజ్ఞ పొందవలెనను గస్తీ నిశాన్ యాభైమూడును వారు విడువక ఖండించిరి. నలుగురు కూడి మాటలాడుటయే నేరమైన దేశమున పత్రికయే సభ కావలెనని వారు గ్రహించిరి. అధికారుల రీతులను పరిహసించుచు వ్రాసిన మొగలాయి కథలును ఈ కోపమునకు నవ్వు ముసుగు తొడిగినవే.

ప్రభుత్వమునకు ఆ సంపాదకీయములు ములుకులై తగిలెను. సమాచారశాఖ అనుమతి లేనిదే సంపాదకీయమును ప్రచురింపరాదని ఆజ్ఞ వచ్చెను. మఱియొకరైనచో అనుమతికై పడిగాపులు పడుదురు, లేదా పత్రికను మూసివేయుదురు. ప్రతాపరెడ్డిగారు సంపాదకీయము వ్రాయుట మానిరి. ఆ స్థలమున ప్రపంచమునందలి మహామేధావుల సూక్తులను ఏర్చి అచ్చువేయసాగిరి. స్వేచ్ఛను గూర్చియు న్యాయమును గూర్చియు ఎన్నడో ఎచ్చటనో మహనీయులు పలికిన మాటలు అవి. వానిలో నిజాము పేరుండదు, హైదరాబాదు పేరుండదు. ఏ అధికారి వానిని నిషేధింపగలడు? నిషేధించినచో ఆ మాట తమకు తగిలినదని ఒప్పుకొన్నట్లే. పాఠకునికి మాత్రము అది ఎవరిని గూర్చియో చెప్పనక్కఱలేదు. పత్రికారచన బోధించు తరగతులలో ఈ ఒక్క ఉదాహరణమును చెప్పిన చాలును. మౌనముతో సంపాదకీయము వ్రాయవచ్చునని విద్యార్థికి బోధపడును.

ఇక వేదిక. ఆంధ్రజన సంఘము పెరిగి ఆంధ్రమహాసభ యైనప్పుడు 1930 మార్చిలో మెదకు జిల్లా జోగిపేటలో ప్రథమ మహాసభ జరిగెను. అధ్యక్షులుగా ఎన్నుకొనబడినవారు ప్రతాపరెడ్డిగారు. వివేకవర్ధినిలో నవ్వు వినబడి తొమ్మిదేండ్లు కూడ నిండలేదు. జోగిపేటలో అధ్యక్షోపన్యాసము తెలుగు, కార్యక్రమమంతయు తెలుగు. మహాసభ నడవడి తెలుగుననే సాగవలెనని పట్టుపట్టినవారు అధ్యక్షులే. ఆ సభతోపాటుగా నడింపల్లి సుందరమ్మగారి అధ్యక్షతన మహిళాసభ జరిగెను. పల్లెలనుండి వచ్చిన సామాన్యులు తమ యింటి భాషలో రాజ్యవ్యవహారములు చర్చింపబడుట బహుశః మొదటిమాఱు వినిరి. రాజకీయమను మాట ఎత్తకుండ విద్య, సంఘము, వ్యవసాయము అను పేర్లతోనే మాటలాడవలసిన నిర్బంధముండెను. అయినను తమ భాషలో తమ కష్టములను చెప్పుకొనుటకన్న మించిన రాజకీయము ఆ దినములలో వేఱొకటి కలదా?

ఉపన్యాసకుడుగా ప్రతాపరెడ్డిగారు మెత్తనివారు కారు. మొగమాటము తక్కువ, ముక్కుసూటిదనము ఎక్కువ. మిత్రులను సైతము నొప్పించిన సందర్భములు లేకపోలేదు. చెప్పదలచినదానిని చరిత్రనుండి దృష్టాంతములు తెచ్చి చెప్పుట వారి పద్ధతి. వ్రాతలోను అదియే, మాటలోను అదియే.

మహాసభలు పిమ్మట ఊరూర తిరిగెను. 1931లో దేవరకొండ, 1934లో ఖమ్మము. 1935లో మన పొరుగుననున్న కరీంనగరము జిల్లా సిరిసిల్లలో మాడపాటివారి అధ్యక్షతన నాలుగవ మహాసభ జరిగెను. మానేరు ఒడ్డున అది జరిగిననాటికి కాజీపేటనుండి మంచిర్యాల మీదుగా బల్హార్షాకు రైలుమార్గము ఏర్పడియే యుండెను. ఉత్తర తెలంగాణము బొగ్గును, కలపను బయటికి పంపుచు, టపాసంచిలో వార్తలను లోనికి తెచ్చుకొనుచుండెను.

ఈ నడుమనే ఒక వాదము బయలుదేరెను. తెలంగాణమున కవులు పూజ్యమని ఒక పండితుడు వ్రాసెను. పూజ్యమనగా పూజింపదగినదని యొక యర్థము, సున్న యని మఱియొక యర్థము. వ్రాసినవాని యభిప్రాయము రెండవదే. దీనికి ప్రత్యుత్తరముగా ప్రతాపరెడ్డిగారు ఘాటైన సంపాదకీయ మొకటి వ్రాసి ఊరకుండవచ్చును. వారట్లు చేయలేదు. వార్తాహరుని బుద్ధి అది: వాదించుటకన్న లెక్క తెచ్చి చూపుట మేలు. తెలంగాణమునందలి కవుల రచనలను, వారి ఊరుపేరులను సేకరించి 1934లో గోలకొండ కవుల సంచికను ప్రకటించిరి. అందు 354 మంది కవులు కలరు. పేరొందిన పండితులును, పల్లెను దాటని పంతుళ్లును, స్త్రీలును అందున్నారు. అందలి పద్యములన్నియు ఉత్తమములని నేను చెప్పను. కొన్ని సామాన్యములు, కొన్ని అంతకన్న తక్కువవి. సంచిక విలువ పద్యములలో కన్న పట్టికలో కలదు. ఒక్కొక్క పేరు వెనుక ఒక ఊరు, ఆ ఊరిలో రాజాదరణము లేక, అచ్చుకూటము లేక, తెలుగు పద్యమును తరతరముగా నిలుపుకొన్న ఒక యిల్లు కనబడును. సున్న యన్నవానికి ఆ సంఖ్యయే చాలిన ప్రత్యుత్తరమైనది.

1943 మే నెలలో ఆంధ్రసారస్వత పరిషత్తు రెడ్డి వసతిగృహముననే పుట్టెను. ప్రతాపరెడ్డిగారు తరువాత దానికి అధ్యక్షులును అయిరి. మన ప్రాంతపు పాత ఉపాధ్యాయులలో అనేకులు పరిషత్తువారి పరీక్షలు వ్రాసి తెలుగు పంతుళ్లయినవారే. గోలకొండ పత్రిక పుట్టించుకొనవలసి వచ్చిన పాఠకులు ఈ విధముగా పుట్టుచుండిరి.

1947లో గోలకొండ పత్రిక దినపత్రిక అయ్యెను. కాలము మిక్కిలి భయంకరము. భారతదేశము స్వతంత్రమైనను హైదరాబాదు దానిలో చేరలేదు. రజాకారుల ఆగడములు పల్లెలను దహించుచుండెను. పత్రికలో వ్రాసిన వ్రాతకు ఎట్టి మూల్యము చెల్లింపవలసి వచ్చునో 1948 ఆగస్టులో షోయబుల్లాఖాను హత్యతో తేటపడెను. ఆయన ఇమ్రోజు అను ఉర్దూ పత్రికకు సంపాదకుడు; రాజ్యము భారతదేశమున చేరవలెనని వ్రాసెను. రాత్రివేళ కార్యాలయమునుండి ఇంటికి పోవుచుండగా కాచియుండి, వ్రాసిన చేయిని నఱికి చంపిరి. ఉర్దూలో వ్రాసినవాడును, తెలుగున వ్రాసినవాడును ఒకే కత్తి నీడలో నుండిరని మనము జ్ఞాపకముంచుకొనవలెను. సెప్టెంబరులో భారతసైన్యము ప్రవేశించి అయిదు దినములలో ఆ రాజ్యమునకు తెరదించెను.

రాజకీయముల సందడి అణగకముందే ప్రతాపరెడ్డిగారు తమ జీవితమునందలి పెద్ద పనిని ముగించిరి. 1949లో ఆంధ్రుల సాంఘిక చరిత్ర వెలువడెను. రాజుల యుద్ధములును, వంశావళులును చరిత్ర యని చదువుకొనుచున్న తెలుగువారికి ఆ గ్రంథము క్రొత్త కన్నిచ్చెను. తూర్పు చాళుక్యుల కాలమునుండి 1907వఱకు తెలుగువాడు ఏమి తినెను, ఏమి కట్టెను, ఏ ఆటలాడెను, ఏ దేవతకు మ్రొక్కెను, పన్ను ఎట్లు కట్టెను, ఏ దయ్యమునకు భయపడెను అనునది ఆ గ్రంథమున విషయము. దీనికి శాసనములు కొంత తోడ్పడినవి. ముఖ్యాధారములు మాత్రము కావ్యములే. పాల్కురికి సోమనాథుని పండితారాధ్య చరిత్రము, ఓరుగంటి వీథులను త్రిప్పి చూపు క్రీడాభిరామము, రాయలవారి ఆముక్తమాల్యద, కదిరీపతి శుకసప్తతి, నారాయణామాత్యుని హంసవింశతి మొదలగువానిని వారు వార్తాపత్రికలను చదివినట్లు చదివిరి. మనము అలంకారము వెదకుచోట వారు కూరగాయ పేరు వెదకిరి. రసము వెదకుచోట రవికె కుట్టు వెదకిరి.

ఉపాధ్యాయులకు ఆసక్తి కలిగించు విషయమొకటి ఇందు కలదు. ప్రాచీన కావ్యములలో ఒక ఆటపేరో పిట్టపేరో తగిలినప్పుడు నిఘంటువును తెఱచినచో క్రీడావిశేషము, పక్షివిశేషము అని యుండును. అంతకన్న అర్థము చెప్పదు. ఈ నిఘంటువులపై ప్రతాపరెడ్డిగారికి మిక్కిలి కోపము. పల్లెలో అడిగినచో పసులకాపరి చెప్పు అర్థమును పండితుడు చెప్పలేకపోవుట వారికి సహింపరానిది. వారి నిర్ణయములలో కొన్ని తరువాతి పరిశోధకులకు సమ్మతములు కావు. కొన్ని ఊహలు తొందరపాటువి. కాని సామాన్యుని జీవితమే చరిత్ర యని నిలబెట్టిన తొలి తెలుగు గ్రంథములలో దానిదే అగ్రస్థానము. ఇరువదియేండ్లకు పైగా పల్లెనుండి వచ్చిన ఉత్తరమును వార్తగా దిద్దినవాడు కనుకనే ఆ చూపు వారికి పట్టుపడినదని నాకు తోచును. హిందువుల పండుగలు, రామాయణ విశేషములు మొదలగు వారి యితర గ్రంథములయందును ఈ ప్రశ్నించు గుణమే కనబడును.

1951లో ప్రజావాణి అను పత్రికను ప్రారంభించిరి. 1952 ఎన్నికలలో కాంగ్రెసు పక్షమున వనపర్తినుండి హైదరాబాదు శాసనసభకు ఎన్నికైరి. శాసనసభ్యత్వము వారికి శోభ తెచ్చెనని నేననుకొనను; పక్షపు కట్టుబాట్లకు ఒదుగు స్వభావము వారిది కాదు. ఇరువదియారేండ్ల క్రిందట ఒక్కడై పత్రిక పెట్టిననాటి స్వేచ్ఛ శాసనసభలోని ఆసనమున దొరుకునా? 1953 ఆగస్టు 25వ తేదీన, యాభైయేడేండ్ల వయస్సున, హైదరాబాదున మరణించిరి. మఱి అయిదు వారములకు కర్నూలు రాజధానిగా ఆంధ్రరాష్ట్ర మేర్పడెను. బాల్యమున తాము చూచిన ఆవలి ఒడ్డు అది.

కేంద్రసాహిత్య అకాడమీ 1955లో బహుమానము లీయ నారంభించినప్పుడు తెలుగున ప్రథమ బహుమానము ఆంధ్రుల సాంఘిక చరిత్రకు వచ్చెను. అందుకొనుటకు గ్రంథకర్త లేడు. హైదరాబాదునందలి తెలుగు విశ్వవిద్యాలయమునకు వారి పేరు పెట్టవలెనని తెలంగాణ ప్రభుత్వము 2024లో నిర్ణయింపగా 2025లో శాసనసభ అందుకు సమ్మతించెను. ఆ విశ్వవిద్యాలయమున నేడు పత్రికారచన ఒక పాఠ్యవిషయము. అందు చేరు విద్యార్థులు ఉపన్యాసములను తెలుగుననే విందురు, తెలుగుననే ప్రశ్నింతురు.